కాయకు ముద్ర, కొండకు మొండిచెయ్యి

తోతాపురి కోతకొచ్చే జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరడం తిరుపతి, చిత్తూరు జిల్లాలకు కొత్త కాదు. 2025లో ఆ బారుల్లోనే కాయ కుళ్లింది. కిలోకు 12 రూపాయలు దక్కేలా చూస్తామంది ప్రభుత్వం: ఫ్యాక్టరీ 8, ఖజానా 4. ఆ ఎనిమిది కోసం రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది.

అదే గుజ్జు డ్రమ్ముల్లోకెక్కి గల్ఫుకో ఐరోపాకో బయల్దేరితే ఎంత మర్యాదో! గ్లోబల్ గ్యాప్ లాంటి ముద్ర ఉంటే ఇంకా గౌరవం. ఏ మందు ఎప్పుడు కొట్టారు, కొట్టిన ఎన్నాళ్లకు కాయ కోశారు, ఖాళీ డబ్బాలు ఏం చేశారు అని ఆ తనిఖీ అడుగుతుంది. అడగాల్సిందే. తోటలో జీవవైవిధ్యం గురించీ ఒక గడి ఉంటుంది. ఆ గడి తోపు గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. గట్టు అవతలి కొండను ఎవరు కాస్తున్నారు, ఏ డబ్బుతో కాస్తున్నారు అనే మాటే రాదు.

తిరుపతి జిల్లా పుత్తూరులో ముందు అడగాల్సింది అదే. అక్కడి కొండల్లో మూలకోన, కైలాసకోన జలపాతాలు చూసినవారికి వేరే చెప్పనక్కర్లేదు. కొండమీది చెట్టు వానను పట్టి మెల్లగా వదిలితేనే వంక పారుతుంది, చెరువు నిండుతుంది, బోరు ఊరుతుంది. వేసవిలో కొండ తగలబడితే ఆ ఏటి వాన మట్టిని వెంటేసుకుని చెరువులోకి దిగి పూడికవుతుంది. గుజ్జు డ్రమ్ములో కొండ నీళ్లకూ వాటా ఉంది. ఏ బిల్లులోనూ దాని ఊసు లేదు.

అడవి పేరిట డబ్బు లేదా అంటే, ఉంది. కంపా నిధికి 2016లో చట్టం కూడా చేశారు. అది ఎక్కడో ఒక అడవిని గనికో రోడ్డుకో ధారపోస్తే జమయ్యే సొమ్ము. నిలిచిన కొండను కాచినందుకు ఊరికి ముట్టే కూలి కాదు. సేద్యం విషయంలోనైతే 2018 జూన్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ, బీఎన్‌పీ పారిబా బ్యాంకు మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఇంకా పెద్ద మాట చెప్పాయి: 2024కల్లా 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు ప్రకృతి సేద్యంలోకి. గడువు దాటింది. ఆ 60 లక్షల దరిదాపుల్లోకైనా రాలేదు. ఎందుకని సంజాయిషీ అడిగిన నాథుడూ లేడు.

ఇక ఐరోపా 2023 అడవుల చట్టం. కాఫీ, కోకో, పామాయిల్, సోయా, రబ్బరు, కలప, పశువులు... 2020 డిసెంబరు తర్వాత అడవి నరికి వీటిని పండించలేదని రుజువు కావాలంటుంది. ఆ జాబితాలో మామిడి లేదు. ఉన్నా, నరికావా అని అడుగుతుందే గానీ కాపాడినవాడికి ఏమిచ్చారని అడగదు.

దారి చూపింది మన ఎర్రచందనమే. జీవవైవిధ్య చట్టం కింద వచ్చిన 2014 నిబంధనలు ఎర్రచందనం వేలం సొమ్ములో 5 శాతానికి తగ్గకుండా ముందే పక్కన పెట్టమన్నాయి. అలా పోగైన డబ్బులోంచే జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ 2025లో రాష్ట్రంలోని 198 మంది ఎర్రచందనం రైతులకు సుమారు 3 కోట్లు విడుదల చేసింది. చట్టం 2002ది, పంపకం 2025ది. ఆ నిదానానికి ఒక నమస్కారం. అయినా డబ్బు వచ్చిందంటే కారణం ఒకటే. కొనేవాడి దయకు వదలకుండా, సరుకు చేతులు మారేచోటే వాటా పట్టుకున్నారు.

గుజ్జుకూ అదే చేయాలి. ముద్ర వేసి ఎగుమతి చేసే ప్రతి టన్ను మీదా కొండ వాటా ఫ్యాక్టరీ గేటు దగ్గరే పట్టి, పైనున్న ఊళ్ల జీవవైవిధ్య కమిటీల ఖాతాలో వేయాలి. 2002 చట్టం ప్రతి స్థానిక సంస్థకూ ఇలాంటి కమిటీ ఉండాలంది. చాలాచోట్ల అది ఇంకా కాగితం మీదే ఉంది, చేతిలో పైసా లేదు మరి. నిల్వలు పేరుకున్నాయి, మాకేం మిగలదు అని ఫ్యాక్టరీలు అంటాయి. ఆ నిజం వాళ్లు రైతుకు కాదు, సీసాలో రసం పోసి అమ్మే కంపెనీలకు, విదేశీ కొనుగోలుదార్లకు చెప్పుకోవాలి. కొండ పేరు చెప్పి కిలోకు పావలా కోసినా అది కాయ ధరలోంచే పోతుందని రైతు భయం. అందులో తప్పేముంది? అనుభవం అలాంటిది. అందుకే కాయ కొనే ర్యాంపు దగ్గర ఇచ్చే చీటీలో రెండు వరుసలుండాలి: రైతుకు ఇచ్చింది ఒకటి, కొండకు కట్టింది ఒకటి. వచ్చే కోతలకు ఆ చీటీ అచ్చు వేయించే పని కలెక్టర్లది.