ఎలుగుబంటియు మిరపబుడ్డియు



చైత్రపూర్ణిమకు సలేశ్వరయాత్ర చేయువారు అటుకులు, మంచినీరు, పసిపిల్లల బట్టలు మఱవక సర్దుకొందురు. వీనితోపాటు, అమెరికాలోని బిడ్డలు చెప్పెడి బేర్ స్ప్రే యను మిరపబుడ్డిని గూడ నల్లమలకు తీసికొనిపోరాదా యని తలంచు తల్లులుందురు. అట్టివారికై ఈ మాసమున నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన వంటింటి మిరపకాయకు మంట నిచ్చు సారమే ఆ బుడ్డిలోని ముఖ్యద్రవ్యము. మీట నొక్కగా అది పొగవలె సుమారు 30 అడుగుల దూరము వ్యాపించి, మీదికి వచ్చు ఎలుగు కన్నులను, ముక్కును మండించి నిలువరించును, ప్రాణము తీయదు. దోమలమందువలె ఒంటికి పూసికొనునది కాదు. సంచి యడుగున దాచినచో అక్కఱకు రాదు. ఎదురుగాలి వీచినచో చల్లినవారి కన్నులే మండును. విమానములో చేతిసంచియందు గాని, పెట్టెయందు గాని దీనిని తేనీయరు.

అమెరికాయందును అన్ని వనములకు నొకే నియమము లేదు. ఎల్లోస్టోన్ జాతీయవనమున గ్రిజ్లీ యను భయంకరమైన యెలుగులు కలవు గనుక, అచ్చటి యధికారులు బుడ్డిని చేతి కందునట్లు ఉంచుకొను మందురు. ఎలుగునకు 100 గజముల దూరమున నుండు మందురు. యోసెమిటీ వనమున గ్రిజ్లీలు లేవు. అచ్చట బుడ్డిని తెచ్చుటయే నిషిద్ధము.

ఇక మన సంగతి. అమ్రాబాదు పులుల అభయారణ్యము నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించి యున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 31వ సెక్షను, వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఆయుధముతో అభయారణ్యము ప్రవేశింపరా దనుచున్నది. వన్యప్రాణులకు హాని కలిగించు రసాయనములను అందు వాడరాదని 32వ సెక్షను. చట్టమున మిరపబుడ్డి పేరు లేదు. ఐనను అటవీశాఖవారి నడుగక దానిని తీసికొనిపోవుట తగదు. ఆత్మరక్షణకై సద్బుద్ధితో మృగమును గాయపఱచుట నేరము కాదని 11వ సెక్షను చెప్పుచున్నది. కాని ఆ సమయమున చట్టము నతిక్రమించుచున్నవారికి ఆ రక్ష లేదని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. దొడ్డిదారిన అడవి చొచ్చువారు ఈ మాట మఱవరాదు.

మన యెలుగు మనుష్యులను తినుటకై రాదు. చెదలు, చీమలు, తేనె, పండ్లు దాని యాహారము. దానికి చూపు మందము. మనిషి హఠాత్తుగా ఎదురైనచో బెదరి మీదపడును. పిల్లలను వీపున మోయు తల్లి యెలుగు మఱింత తెగించును. ఇప్పపూలు రాలు కాలమున వాని నేరబోవు చెంచుస్త్రీయు, వాని నాశించి వచ్చు ఎలుగును ఒకే చెట్టు క్రిందికి చేరుదురు. మనము దర్శనమునకై ఏట నొకమాఱు పోవుదుము. ఆమెకు అది జీవనము. మనము పారవేసిన తినుబండారములకు మరగి ఎలుగు బాటలకు చేరెనా, మనము ఇల్లు చేరిన పిదప ఆ యపాయము ననుభవించునది ఆమెయే.

కావున అనుమతించిన దినములలో, అనుమతించిన బాటనే, పగటివేళ పొండు. పిల్లలను నడుమ నుంచుకొని, మాటలాడుచు గుంపుగా నడువుడు. కాలకృత్యములకు సిగ్గుపడి ఒంటరిగా పొదల చాటునకు పోవలదు. ఇద్దఱు ముగ్గురు కలసి, ముందుగా సద్దు చేసి పొండు. ఎలుగు కనబడినచో రాళ్లు రువ్వక, పరుగిడక, మెల్లగా వెనుకకు తొలగుడు. మిగిలిన తినుబండారములను మూట గట్టి యింటికే తెండు. బుడ్డి యున్నను లేకున్నను ఈ జాగ్రత్తలు విడువరాదని మా మనవి.