మూతపడితే దిక్కెవరు?

వజ్రాలకు సానపట్టే సూరత్‌లో, వరాఛా ప్రాంతంలో 2008 దీపావళికి సెలవులిచ్చిన కార్ఖానాలలో అనేకం తిరిగి తెరుచుకోలేదు. అమెరికాలో గిరాకీ పడిపోవడమే కారణం. రాయికి ఇంతని కూలి తీసుకునే కార్మికులలో అత్యధికులకు నియామక పత్రాలు లేవు. వేలాదిమంది సౌరాష్ట్రలోని సొంతూళ్లకు తరలిపోయారు. కూలి ఆగితే తొలి దెబ్బ అరువిచ్చిన కిరాణా కొట్టుకే. అయితే ఆ కొట్టు పద్దులోనైనా కార్మికుడి పేరు ఉంటుంది. కార్ఖానా పుస్తకంలో అదీ ఉండదు!

ఆ కొద్ది నెలల్లోనే, 2009 ఆరంభంలో, సుభిక్ష సంస్థ దేశవ్యాప్తంగా సుమారు 1,600 సూపర్ మార్కెట్లను మూసివేసింది. 1997లో మద్రాసులో మొదలైన ఈ సంస్థ అప్పులతో శరవేగంగా విస్తరించి, రోజువారీ ఖర్చులకు సైతం నగదు లేక చతికిలబడింది. చౌకధరలకు అలవాటుపడిన వినియోగదారుడు మరో కొట్టు వెతుక్కున్నాడు. జీతం బకాయిపడిన ఉద్యోగికి ఆ వెసులుబాటు ఏదీ?

2016 నాటి దివాలా స్మృతి ప్రకారం సంస్థ ఆస్తులు అమ్మినప్పుడు కార్మికుల 24 నెలల బకాయిలకు తాకట్టు రుణదాతలతో సమాన స్థానం లభిస్తుంది. ఉద్యోగమే రుజువు చేసుకోలేనివారికి ఇది ఒరగబెట్టేదేమీ లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. వరాఛా కార్ఖానాలలోనూ, పెద్ద దుకాణాల గిడ్డంగులలోనూ ఆ కాగితం కార్మికుడి చేతికి అందుతున్నదా లేదా అన్నది కార్మిక శాఖలు తక్షణం తనిఖీ చేయాలి.