సింగర్ పిస్తోలు

సింగర్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది కుట్టు మిషను. ఆ కంపెనీ పిస్తోళ్ళు కూడా చేసిందని మీలో ఎంతమందికి తెలుసు?

మా ఆఫీసులో ఒక అమెరికన్ మిత్రుడు, వాళ్ళ నాన్న పోయాక బీరువాలో దొరికిన పాత పిస్తోలు చూపించాడు. పైన సింగర్ అని ఉంది. "నువ్వు మెకానికల్ ఇంజనీరువి కదా, అసలుదో కాదో చెప్పు" అన్నాడు.

కాస్త చదివాను. యుద్ధమొస్తే ఈ కంపెనీ ఆయుధాలు చేయగలదో లేదో చూడడానికి అమెరికా సైన్యం 1940లో 500 పిస్తోళ్ళకు ఆర్డరిచ్చింది. న్యూజెర్సీలో చేశారు. ఆ తర్వాత మళ్ళీ చేయలేదు. అందుకే వేలంలో ఒక్కొక్కటి లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. నకిలీలు పుట్టిందీ అందుకే. అసలువాటి నంబర్లు ఎస్800001 నుంచి ఎస్800500 దాకానే.

మిత్రుడిదాని నంబరుకు ముందు ఎస్ లేదు. పేరు చెక్కిన గాడిలో ఉక్కు తెల్లగా మెరుస్తోంది. అంటే పైపూత వేశాక ఎవరో చెక్కారన్నమాట. చెప్పేశాను.

"అమ్ముకోవడానికి కాదులే. నాన్న అసలుదేనని చెప్పేవాడు, అంతే" అన్నాడు. చెప్పకుండా ఉండాల్సిందా అనిపించింది.

ఆ రాత్రి అమ్మ మిషను గుర్తొచ్చింది. దానిమీద రవికెలు కుట్టే నా కాలేజీ ఫీజులు కట్టింది. నేనిక్కడికొచ్చాక ఎవరికో ఇచ్చేశాం. సింగర్ మిషను నంబరును బట్టి ఏ ఫ్యాక్టరీలో, ఏ ఏట పుట్టిందో చెప్పొచ్చట. మాది రాసుకోలేదు.

మీ ఇంట్లో ఇంకా ఉంటే, ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు రాసుకురండి.