రాసే చేతికి వరుస తెలియాలి



ఇన్‌లాండు కవర్లు తగ్గి ఈ-మెయిలు, వాట్సాప్ వచ్చాయి గాని, ఎవరికి ఏ పిలుపుతో రాయాలన్న చిక్కు మాత్రం పోలేదు. మన పెద్దలు పెద్దవారికి "పూజ్యులైన" అనీ, పిల్లలకు "చిరంజీవి" అనీ, సంఘస్థులకు "ప్రభువునందు ప్రియమైన" అనీ, అధికారులకు "అయ్యా" అనీ రాసేవారు. మొదటి మాటలోనే వరుస తెలిసిపోయేది.

మేమెరిగిన ఒక ఇంట అన్నదమ్ములకు పొలం గట్టు దగ్గర మాట తేడా వచ్చింది. చిన్ననాటి నుండి "అన్నయ్యా, నువ్వు" అన్న తమ్ముడు పట్నం నుండి "గౌరవనీయులైన అన్నగారికి, తమరు" అంటూ ఉత్తరం రాశాడు. అందులో ఒక్క తిట్టు లేదు. అయినా అన్న అది చదివి, "వీడు నన్ను పరాయివాణ్ణి చేశాడు" అని ఆ పూట అన్నం ముట్టలేదు. జవాబు ఎలా రాయాలని మమ్మల్ని అడిగితే, ఎప్పటిలాగే రాయమన్నాము. "ఒరే తమ్ముడూ, పండక్కి రా. గట్టు మీదే కూర్చుని మాట్లాడుకుందాం" అని రాశాడు. తమ్ముడు వచ్చాడు. తగవు ఇంకా పూర్తిగా తీరలేదు గాని, మాటలు కలిశాయి.

ఫిలేమోనుకు రాసిన 25 వచనాల చిన్న పత్రికలో పౌలు కూడా, ఆజ్ఞాపించే అధికారం ఉండీ, "సహోదరుడా" అని వేడుకున్నాడు.

అయితే ఇంటి చనువు ఆఫీసులో పనికిరాదు. ఒక విధవరాలి పింఛను అర్జీ మా కంటబడింది. రెండు పేజీల నిండా కన్నీళ్లే. భర్త ఎప్పుడు పోయాడో, ఊరేదో, మండలమేదో లేదు. పాదాలు పట్టుకున్నంత మాత్రాన అధికారి ఏమి చేయగలడు? తేదీ, హోదా, "విషయం" అని ఒక్క పంక్తి, పేరు, చిరునామా, కోరిక, జతపరచిన కాగితాలు, చివర "ఇట్లు, తమ విధేయురాలు" అని సంతకం. ఇంతే చాలు. "ప్రభునామమున వందనములు" విశ్వాసుల మధ్య మాట. అధికారికి "నమస్కారములు" అంటే సరిపోతుంది. ఈ-మెయిలుకూ ఇదే పద్ధతి. విషయం గడి ఖాళీగా వదలవద్దు. కింద పేరు రాయకుండా "సార్, లీవు కావాలి" అని పంపవద్దు.

ఎటూ తోచనప్పుడు మేము చేసేది ఒకటుంది. ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు తలచి, రాసినది ఒకసారి పైకి చదువుతాము. నోటికి ఎబ్బెట్టుగా ఉన్న మాటను మారుస్తాము. కోపంతో రాసినదైతే తెల్లవారే దాకా పంపము.

మీ ఇంట మాట ఆగిపోయిన వారెవరైనా ఉంటే, పాత పిలుపుతోనే ఈ నెల ఒక ఉత్తరం రాయండి.