యాప్‌లో చూడండి!

మొన్న శనివారం నేనూ మా రూమ్మేటూ అమీర్‌పేట మెట్రో దిగి మైత్రీవనం వైపు నడిచాం. వాడికి జావా డెమో క్లాసు ఎన్నింటికో తెలియాలి. చేతిలో పెట్టిన పాంప్లెట్ మీద క్యూఆర్ కోడ్ ఉంటే స్కాన్ చేశాడు. వెబ్‌సైట్ వచ్చింది. రెండు లైన్లు చదివాడో లేదో, కింద నుంచి ఒక డబ్బా లేచి సగం స్క్రీన్ మింగేసింది: "పూర్తి వివరాలకు మా యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి." మూసేద్దామంటే ఇంటూ మార్కు ఆవగింజంత! వేలు కాస్త పక్కన పడినా ప్లే స్టోరే.

పైకెళ్లి అడుగుదామని మూడంతస్తులు ఎక్కాం. కౌంటర్‌లో అన్న కూడా "యాప్‌లో ఉంది కదా తమ్ముడూ" అన్నాడు. వాడి ఫోన్ 32 జీబీది, ఎప్పుడూ ఫుల్లే. చివరికి అక్క పెళ్లి వీడియోలు తీసేసి యాప్ వేసుకున్నాడు. ఒక్క టైమింగ్ కోసం!

ఎందుకిలా చేస్తారో సీఎస్‌ఈ వాళ్లకి తెలియంది కాదు. బ్రౌజర్‌లో ట్యాబ్ మూసేస్తే కథ అయిపోయినట్టే. యాప్ అయితే ఫోన్‌లోనే కాపురం పెడుతుంది. పొద్దస్తమానం నోటిఫికేషన్లు పంపొచ్చు, కాంటాక్టులు అడగొచ్చు. యాప్‌లు దండగని నేననట్లేదు. రోజూ వాడే యూపీఐకి యాప్ ఉండాల్సిందే. ఒకసారి చూసి వదిలేసే వాటికెందుకు?

ఇది కొత్త జబ్బేం కాదు. 2015లో మింత్రా వెబ్‌సైట్ మూసేసి, ఇక యాప్ మాత్రమే అంది. 2016లో మళ్లీ తెరిచింది. ఫ్లిప్‌కార్ట్ కూడా 2015లో మొబైల్ సైట్ తీసేసి, కొన్ని నెలలకే బ్రౌజర్‌లో తేలిగ్గా నడిచే ఫ్లిప్‌కార్ట్ లైట్ తెచ్చింది. అంత పెద్ద కంపెనీలే వెనక్కి తగ్గాయి.

మైత్రీవనం పాంప్లెట్ అన్నల మీద మనం జోకులేస్తాం. కానీ వాళ్లు కాగితం చేతిలో పెట్టి వదిలేస్తారు. చదివితే చదువుతాం, లేదంటే మడిచి జేబులో పెట్టుకుంటాం. "ముందు మీ ఇంటి తాళం ఇవ్వండి, తర్వాత చదవనిస్తాం" అనరు.

మావాడికి ఆ డెమో నచ్చలేదు. సాయంత్రానికే యాప్ తీసేశాడు. పెళ్లి వీడియోలు మాత్రం పోయినవి పోయినట్టే.

ఇంకో రెండేళ్లలో అలాంటి పాపప్ రాసేది మనలోనే ఎవరో ఒకరు. మేనేజర్ చెప్తే రాయక తప్పకపోవచ్చు. కనీసం ఆ ఇంటూ మార్కైనా వేలికి అందేంత పెద్దగా పెడదాం.