విద్యాలయములో వెలివాడ

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను విశ్వవిద్యాలయమున సెసిల్ రోడ్సు కంచు విగ్రహ ముండెడిది. నల్లవారి నేలను కొల్లగొట్టినవానికి విద్యాలయమున పీఠమేల యని విద్యార్థు లెదిరింపగా, 2015 ఏప్రిల్ 9న దానిని తొలగించిరి.

మన హైదరాబాదులో అవమానమునకు విగ్రహ మక్కరలేదు. పాతబస్తీకి పడమటనున్న కేంద్రీయ విశ్వవిద్యాలయమున, ఒక ఘర్షణకు సంబంధించిన ఆరోపణపై, అంబేద్కరు విద్యార్థి సంఘమునకు చెందిన ఐదుగురు పరిశోధకులను వసతిగృహములనుండి వెడలగొట్టిరి. 2016 జనవరిలో వారు ఆవరణముననే గుడారము వేసికొని, దానికి 'వెలివాడ' యని పేరిడిరి. ఊరిబయట అంటరానివారిని ఉంచిన వాడకు పేరది! వారిలో నొకడైన రోహిత్ వేముల ఆ నెల 17న మరణించెను.

కంచు బొమ్మను క్రేనుతో నెత్తివేయవచ్చును. కంటికి కనబడని గోడను మొదట నలుగురికి చూపవలెను. ఆ గుడారము చేసిన పని యదియే. చదువుకొన వచ్చినవారికి ఈ గొడవ యేల యని కొందరు పెద్ద లందురు. గది లేనివాడు ఎచ్చట కూర్చుండి చదువవలెనో మాత్రము వారు చెప్పరు.