దరఖాస్తు పదో తరగతిలోనే మొదలవుతుంది

హాస్టల్లో ఉన్నన్నాళ్లూ కాగితాల బరువు మనకు తెలియదు. పుస్తకాలకీ, దుప్పట్లకీ వార్డెన్ గారే సంతకాలు పెట్టి తెస్తారు. పెట్టె సర్దుకుని గేటు దాటాక ప్రతి కాగితం వెంట మనమే తిరగాలి. హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి ఏలూరు వెళ్లినా, విజయవాడ వెళ్లినా, నూజివీడు, గుడివాడ వైపు తిరిగినా కాలేజీ గుమాస్తా అడిగే ప్రశ్న ఒకటే: "స్కాలర్‌షిప్ వస్తుందా?"

ఇది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పటికి అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిల్లో సభ్యులు. 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజనీరింగ్ కాలేజీ మెట్లెక్కినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. 2020లో కేంద్రం తన వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతంగా నిర్ణయించింది. 2021 నుంచి కొన్నాళ్లు ఫీజు తల్లుల ఖాతాల్లో పడింది. 2024లో మళ్లీ కాలేజీలకే అన్నారు. పథకాల పేర్లు మారాయి గానీ, కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ, ఆధార్, బ్యాంకు ఖాతా, హాజరు అడగడం మారలేదు.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, టెన్త్ మెమోలో పొడి అక్షరం, బ్యాంకు పుస్తకంలో అదీ ఉండదు. దాన్ని సరిచేయించడానికి కూలికి వెళ్లే తండ్రి పని మానుకుని మీ సేవ చుట్టూ తిరగాలి. "కాలేజీ చదివేవాడు ఆమాత్రం చూసుకోలేడా?" అంటారు కొందరు. బడిలో వేసిన రోజు మన పేరు రాసింది మనం కాదు, చదువురాని మన అమ్మానాన్నలూ కాదు. ఆ తప్పుకు మన సీటు ఎందుకు పోవాలి?

కాగితాలన్నీ సరిగా ఉన్నా డబ్బు ఆలస్యమైన ఏళ్లున్నాయి. దానికి ప్రభుత్వాన్ని నిలదీయాల్సిందే. అయితే మన దరఖాస్తులో లోపం లేనప్పుడే ఆ మాట గట్టిగా అడగగలం.

అందుకే మేము కోరేది ఇది. పదో తరగతి నామినల్ రోల్స్ పంపేముందే ప్రతి పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూడాలి. సెలవులకు వెళ్లేలోగా బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం చేయించాలి. ఏటా జూన్‌లో ఒక ఆదివారం పూర్వ విద్యార్థులం వచ్చి కూర్చుంటాం. తమ్ముళ్లారా, మీరు కాగితాలు తెచ్చుకోండి. అన్నలారా, వార్షికోత్సవానికి వచ్చినట్టే ఆ ఆదివారానికీ రండి.